ఇంటివంటలో కేలరీల గణన: వంటింటి కొలతపదాలు, పద్ధతి, పరిమితులు – పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంట్లో వండిన భోజనానికి కేలరీల లెక్క కట్టాలనుకునేవారికి ఆహారపదార్థాల పట్టికలు సులభంగా దొరుకుతున్నాయి. అయినా లెక్క తప్పుతూనే ఉంటుంది. పట్టికలు గ్రాముల్లో మాట్లాడతాయి. వంటిల్లు సోలల్లో, పిడికిళ్లలో, ‘తగినంత’లో మాట్లాడుతుంది. ఈ రెండు భాషల మధ్య ఉన్న ఎడమే తప్పుకు ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ ప్రాంతపు ఇళ్లలో పరిచితమైన వంటకాలను ఉదాహరణలుగా తీసుకుని, కొలతపదాల స్వభావాన్ని, గణనపద్ధతిని, వడ్డనలో వాటాల సమస్యను, కేలరీ అనే ప్రమాణానికి ఉన్న హద్దులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కేలరీ, ఇంటివంట, కొలతపదాలు, సోల, తగినంత, సర్వపిండి, జాతీయ పోషకాహార సంస్థ, రేగొండ.

1. ఉపోద్ఘాతం:

రేగొండ 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. వరి, పత్తి, మిరప పండే ప్రాంతమిది. ఇక్కడి రోజువారీ భోజనంలో అన్నం, పప్పు, పచ్చిపులుసు, తొక్కు ప్రధానం. సంక్రాంతికి సకినాలు, తీరిక దొరికినప్పుడు సర్వపిండి పరిచితమైన పిండివంటలు. ఇటువంటి ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవారికి వైద్యులు ‘రోజుకు ఇన్ని కేలరీలు’ అని చెప్పి పంపుతారు. అదే ఇంట్లో నాట్లకో పత్తి ఏరడానికో వెళ్లే స్త్రీకి రోజంతటి శ్రమకు తగిన శక్తి అందుతున్నదా అన్నది ఎవరూ అడగని ప్రశ్నగా మిగిలిపోతుంది. ఒకే కుండలో ఉడికిన అన్నం ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ కావచ్చు. కాబట్టి ఇంటివంటలో కేలరీల లెక్క బరువు తగ్గాలనుకునే నగరవాసులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. అది ఇంట్లో ఎవరికి ఎంత అందుతున్నదో తెలిపే లెక్క.

2. కేలరీ – పదం, ప్రమాణం:

కేలరీ శక్తికి కొలమానం. ఒక కిలోగ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక సెల్సియస్ డిగ్రీ పెంచడానికి కావలసిన శక్తి ఒక కిలోకేలరీ. పోషకాహార వ్యవహారంలో ‘కేలరీ’ అన్నప్పుడు ఉద్దేశించేది ఈ కిలోకేలరీనే. తెలుగు పత్రికల్లో ఈ రెండు పదాలూ కలగలిసి వాడుకలో ఉండడం వల్ల చదువరి తికమకపడే అవకాశం ఉంది. ఈ వ్యాసంలో కేలరీ అంటే కిలోకేలరీ అనే గ్రహించాలి. కొన్ని పట్టికలు కిలోజౌళ్లలో లెక్క ఇస్తాయి. ఒక కిలోకేలరీ 4.184 కిలోజౌళ్లకు సమానం.

ఆహారం నుంచి శరీరానికి అందే శక్తిని లెక్కించడానికి అమెరికా శాస్త్రవేత్త విల్బర్ అట్వాటర్ పేరుతో ప్రసిద్ధమైన గుణకాలు నేటికీ ఆధారం. గ్రాము పిండిపదార్థానికి 4, గ్రాము మాంసకృత్తులకు 4, గ్రాము కొవ్వుకు 9 కేలరీలు. నూనె పూర్తిగా కొవ్వే. అందువల్ల బరువుకు బరువు చూస్తే వంటింట్లో నూనెను మించిన శక్తి ఉన్న సరుకు లేదు. వ్యాసంలోని తరువాతి చర్చకు ఈ అంశమే కీలకం.

3. లెక్కకు ఆధారమైన పట్టికలు:

భారతీయ ఆహారానికి సంబంధించిన లెక్కల చరిత్రకు తెలుగు నేలతో గాఢమైన సంబంధం ఉంది. 1918లో రాబర్ట్ మెకారిసన్ నాయకత్వంలో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకు ఒక చిన్న విభాగం ఏర్పడింది. ఆ వ్యాధి ఎక్కువగా కనిపించిన ప్రాంతాల్లో నాటి ఉత్తర సర్కారులు, అంటే నేటి కోస్తాంధ్ర, ఒకటి. ఆ విభాగమే 1928లో పోషకాహార పరిశోధనాలయంగా మారింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

1937లో డబ్ల్యు. ఆర్. ఐక్రాయిడ్ రూపొందించిన ఆరోగ్య బులెటిన్ భారతీయ ఆహారపదార్థాల పోషకవిలువలను పట్టికలుగా అందించింది. 1971లో సి. గోపాలన్, బి. వి. రామశాస్త్రి, ఎస్. సి. బాలసుబ్రమణ్యన్ కూర్చిన గ్రంథం దశాబ్దాలపాటు ప్రామాణికంగా నిలిచింది. 2017లో వెలువడిన భారతీయ ఆహార సంఘటన పట్టికలు దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి సేకరించిన 528 ఆహారపదార్థాల విశ్లేషణను అందించాయి. ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ అనే మొబైల్ యాప్‌ను కూడా ఈ సంస్థే రూపొందించింది.

ఈ పట్టికల మధ్య భేదాలున్నాయి. 100 గ్రాముల మరపట్టిన బియ్యానికి 1971 గ్రంథం 345 కేలరీలు చూపగా, 2017 పట్టికలు 356 చూపుతాయి. జొన్నలకు 349, 334. పల్లీలకు 567, 520. విత్తనరకాలు మారడం, విశ్లేషణ పద్ధతులు మారడం, పాతకాలపు ముడిపీచు అంచనాకు బదులు మొత్తం ఆహారపీచును కొలవడం వంటివి ఇటువంటి భేదాలకు దారితీస్తాయి. అయితే నలుగురికి వండే 400 గ్రాముల బియ్యంలో ఈ భేదం 44 కేలరీలు మాత్రమే. 15 మిల్లీలీటర్ల చెంచాతో ఒక్కసారి అదనంగా పోసిన నూనె దాదాపు 123 కేలరీలు. అంటే ఏ పట్టికను అనుసరించాలన్న సందేహం వల్ల వచ్చే తప్పు కన్నా చెంచా వల్ల వచ్చే తప్పే పెద్దది.

4. వంటింటి కొలతపదాలు:

ఇంట్లో వంట చేసేవారు కొలవరన్న అభిప్రాయం సరికాదు. వారు ప్రతి పూటా కొలుస్తారు. ఆ కొలతలు గ్రాముల్లో ఉండవు, అంతే. ఈ పదాలను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

4.1 పాత్ర కొలతలు: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. 1956 నాటి చట్టంతో మెట్రిక్ విధానం అధికారికమైనా బియ్యం డబ్బాలో సోల, గిద్దె చాలా ఇళ్లలో నిలిచే ఉన్నాయి. ఇవి ఘనపరిమాణపు కొలతలు, బరువు కొలతలు కావు. ఒకే సోల సన్నబియ్యానికి ఒక బరువు, కందిపప్పుకు మరొక బరువు, వరిపిండికి ఇంకొక బరువు తూగుతుంది. తలగొట్టి కొలిచిన సోలకూ గోపురం కట్టిన సోలకూ తేడా ఉంటుంది. ప్రాంతాన్ని బట్టి సోల పరిమాణమే మారేది. కాబట్టి సోలను గ్రాముల్లోకి మార్చే సార్వత్రిక సూత్రాన్ని వెతకడం వృథా. ఇంట్లో ఉన్న సోలతో బియ్యాన్ని, పప్పును ఒక్కొక్కసారి తూచి రాసిపెట్టుకుంటే ఆ ఇంటికి అదే శాశ్వతమైన మార్పిడి పట్టిక అవుతుంది.

4.2 చేతి కొలతలు: చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు. ‘ఎడు’ చేరి ఏర్పడిన ఈ పదాల్లో చేతి సైజే ప్రమాణం. ఒకే చేయి రోజూ కొలిచినంతకాలం వీటిలో నిలకడ ఉంటుంది. కోడలి పిడికిలి, అత్త పిడికిలి ఒకటి కానప్పుడు వంటకం రుచితోపాటు కేలరీల లెక్కా మారుతుంది.

4.3 పోలిక కొలతలు: ఉసిరికాయంత చింతపండు, నిమ్మకాయంత బెల్లం. వస్తువును వస్తువుతో పోల్చే ఈ పదాలు చూపుకు సులువైనవి. చింతపండు విషయంలో ఈ అంచనా కొంత తప్పినా లెక్కలో పెద్దగా తేడా రాదు. బెల్లం విషయంలో మాత్రం ప్రతి 10 గ్రాములకు దాదాపు 38 కేలరీలు చేరుతాయి.

4.4 తగినంత: తెలుగులో వంటల రచనకు అత్యవసరమైన పదమిది. ‘ఉప్పు తగినంత’, ‘నీళ్లు తగినన్ని’, ‘నూనె సరిపడా’ – మూడింటికీ వాక్యనిర్మాణం ఒకటే. కేలరీల దృష్టితో చూస్తే మూడూ ఒకటి కావు. ఉప్పులో, నీటిలో కేలరీలు లేవు. నూనెలో 100 గ్రాములకు 900 కేలరీలున్నాయి. వంటకాల వివరణల్లో బియ్యాన్నీ పప్పునూ కొలిచి చెప్పే భాష, అన్నిటికన్నా ఎక్కువ శక్తి ఉన్న సరుకును కొలత లేకుండా వదిలేస్తున్నది. రుచికి సంబంధించినంతవరకు ‘తగినంత’ వంట చేసేవారి నేర్పును గౌరవించే పదం. లెక్కకు సంబంధించినంతవరకు అది ఖాళీగా మిగిలిన గడి.

వడ్డనలోనూ ఇటువంటి గడి ఒకటుంది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అనడం, కొలిచిన తర్వాత పైన ‘కొసరు’ వేయడం తెలుగువారి ఆచారం. విస్తట్లో కొసరి కొసరి వడ్డించడం ఆప్యాయతకు గుర్తు. తిన్నదేమిటని అడిగితే మొదటి వడ్డన గుర్తుంటుంది, కొసరు గుర్తుండదు.

5. గణనపద్ధతి:

5.1 అన్నం: ముడిసరుకును తూచడం మొదటి నియమం. వండిన అన్నాన్ని మాత్రమే తూచి బియ్యం విలువతో హెచ్చిస్తే లెక్క రెండింతలకు మించి పెరుగుతుంది. ఎందుకంటే 100 గ్రాముల బియ్యం నీటిని పీల్చుకుని సుమారు 250 నుంచి 300 గ్రాముల అన్నమవుతుంది. నీరు బరువును పెంచుతుంది, శక్తిని పెంచదు. 400 గ్రాముల బియ్యానికి 1424 కేలరీలు. ఉడికిన అన్నం 1100 గ్రాములు తూగిందనుకుంటే, కంచంలో పెట్టుకున్న 300 గ్రాముల అన్నానికి దాదాపు 388 కేలరీలు. నీళ్లు ఎక్కువ పోసిన రోజు అన్నం మొత్తం బరువు మారుతుంది, 1424 మారదు. అందువల్ల కుండను ఖాళీగా ఒకసారి తూచి ఆ బరువును గుర్తుంచుకుంటే ప్రతిసారీ అన్నాన్ని వేరే గిన్నెలోకి తీయవలసిన పని ఉండదు. గంజి వంపే ఇళ్లలో కొంత పిండిపదార్థం, కొన్ని విటమిన్లు గంజితో పోతాయి. కాబట్టి అక్కడ ఈ లెక్క అసలు విలువకు కొద్దిగా పైన ఉంటుంది.

5.2 సర్వపిండి: వరిపిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ, కారం, ఉప్పు కలిపి, నూనె రాసిన పాత్రలో వత్తి కాల్చే ఈ వంటకానికి ‘సర్వ’ అనే పాత్ర పేరే పేరయింది. ఒక నమూనా లెక్క ఈ విధంగా ఉంటుంది:

వరిపిండి 500 గ్రాములు – 1780 కేలరీలు
శనగపప్పు 50 గ్రాములు – 165 కేలరీలు
పల్లీలు 50 గ్రాములు – 260 కేలరీలు
నువ్వులు 25 గ్రాములు – సుమారు 130 కేలరీలు
నూనె 60 గ్రాములు – 540 కేలరీలు
మొత్తం – 2875 కేలరీలు

ఉల్లిగడ్డ, కారం వంటి వాటి విలువ స్వల్పం కాబట్టి ఇక్కడ వదిలివేయడమైంది. ఈ పిండితో ఆరు సర్వపిండ్లు చేస్తే ఒక్కొక్కటి దాదాపు 479 కేలరీలు. నూనెను లెక్కలోకి తీసుకోకపోతే అదే సర్వపిండి 389గా కనిపిస్తుంది. ‘సరిపడా’ అనే మాట ఒక్కొక్కదానికి 10 గ్రాముల నుంచి 20 గ్రాములకు పెరిగితే విలువ 569కి చేరుతుంది. పిండి మారలేదు, పప్పు మారలేదు. నూనె ఒక్కటే 180 కేలరీల తేడా తెచ్చింది.

5.3 వేయించిన పిండివంటలు: సకినాల వంటి వాటికి మూకుట్లో పోసిన నూనె అంతా వంటకంలోకి చేరదు. వేయించే ముందు నూనెను తూచి, పూర్తయి చల్లారిన తర్వాత మిగిలిన నూనెను తూచాలి. మధ్యలో పోసినదాన్ని కలుపుకోవాలి. రెండు బరువుల తేడాను వంటకం పీల్చుకున్న నూనెగా తీసుకోవచ్చు. పాత్రకు, గంటెకు అంటినది కూడా ఇందులో చేరుతుంది కాబట్టి ఇది కొంచెం ఎక్కువ అంచనా. అయినా ఊహ కన్నా ఎంతో మెరుగు.

5.4 నెలవారీ లెక్క: ప్రతి పూటా తూచడం చాలా ఇళ్లలో సాధ్యం కాదు. అప్పుడు ఇంట్లోకి వచ్చిన సరుకును లెక్కించడం రెండో మార్గం. లీటరు నూనె ప్యాకెట్ సుమారు 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు ప్యాకెట్లు ఖర్చయితే మనిషికి రోజుకు సుమారు 30 గ్రాములు, అంటే 273 కేలరీలు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు 2000 కేలరీల భోజనపళ్లెంలో నూనెకు 27 గ్రాములు, ధాన్యాలకు 250 గ్రాములు కేటాయించాయి. 27 గ్రాములంటే సుమారు 30 మిల్లీలీటర్లు. అది ఒక మనిషికి రోజంతటికీ సరిపోవలసిన పరిమాణం.

బియ్యానికీ ఈ విధంగానే లెక్క కట్టవచ్చు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల ద్వారా అందుతున్న సన్నబియ్యం మనిషికి నెలకు 6 కిలోలు. రోజుకు 200 గ్రాములు, అంటే 712 కేలరీలు. శ్రమ తక్కువగా ఉండే పురుషుని రోజువారీ అవసరంలో ఇది మూడో వంతు. మిగిలిన రెండు వంతులు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదే ఇంటి ఆహారపు నాణ్యతను నిర్ణయిస్తుంది. కొన్న బియ్యం నుంచా, పప్పు, పాలు, కూరగాయల నుంచా అన్నది ఈ లెక్కతో తేలుతుంది.

6. వడ్డన – వాటా:

కుండలోని మొత్తం తెలిసినంత మాత్రాన ఎవరెంత తిన్నారో తెలియదు. ఈ సమస్యను 1972లో జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షక విభాగం తన సర్వేల్లో ఎదుర్కొంది. గడిచిన 24 గంటల్లో వండిన ముడిసరుకుల వివరాలను ఇల్లాలిని అడిగి, వండిన మొత్తాన్ని, ఒక్కొక్కరు తిన్నదాన్ని ప్రామాణిక గిన్నెలతో అంచనా వేయడం వారి పద్ధతి. దాని సూత్రం సరళమైనది:

వ్యక్తికి చేరిన ముడిసరుకు = (వండిన ముడిసరుకు బరువు × వ్యక్తి తిన్న వండిన పరిమాణం) ÷ వండిన మొత్తం పరిమాణం

ఈ సూత్రం ఇంట్లోనూ అంతే చక్కగా పనిచేస్తుంది. గిన్నె ఒకటే అయితే చాలు. అది గ్రాములు చెప్పకపోయినా ఫరవాలేదు. పప్పు మొత్తం పది గంటెలై, ఒకరు రెండు గంటెలు వేసుకుంటే వండిన కందిపప్పులో, పోపు నూనెలో ఐదో వంతు వారిది.

తలలు లెక్కపెట్టి సమానంగా భాగించడం న్యాయంగా కనిపిస్తుంది కానీ అవసరాలు సమానం కావు. 2020లో భారతీయ వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ నిర్ధారించిన ప్రకారం 65 కిలోల పురుషునికి తక్కువ శ్రమలో 2110, ఎక్కువ శ్రమలో 3470 కేలరీలు కావాలి. 55 కిలోల స్త్రీకి ఇవి 1660, 2720. గర్భిణికి అదనంగా 350, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు అదనంగా 600. ఇంట్లో కూర్చున్న రోజుకూ నాట్లు వేసిన రోజుకూ ఒకే స్త్రీకి 1060 కేలరీల తేడా రావచ్చు. ఆ తేడా సుమారు 300 గ్రాముల బియ్యానికి సమానం.

సర్వేల్లో ఈ భేదాన్ని ‘వినియోగ యూనిట్’తో సూచించేవారు. తక్కువ శ్రమ చేసే పురుషుడు 1.0, ఎక్కువ శ్రమ చేసే పురుషుడు 1.6, ఎక్కువ శ్రమ చేసే స్త్రీ 1.2, తక్కువ శ్రమ చేసే స్త్రీ 0.8, కౌమారంలోని పిల్లలు 1.0. వ్యవసాయం చేసే దంపతులు, ఇంటిపట్టున ఉండే అత్త, పదమూడేళ్ల కొడుకు ఉన్న ఇల్లు నలుగురి ఇల్లే అయినా 4.6 యూనిట్ల ఇల్లు. రోజుకు 1380 గ్రాముల బియ్యం వండితే తలసరి వాటా 345 గ్రాములు. అవసరాన్ని బట్టి భర్తకు 480, భార్యకు 360, కొడుకుకు 300, అత్తకు 240 గ్రాములు చేరాలి. అందరికీ వడ్డించి చివర మిగిలినదానితో సరిపెట్టుకునే అలవాటున్న ఇంట్లో తగ్గేది సాధారణంగా ఆ 360 గ్రాముల వాటానే. అత్తకు మధుమేహమైతే కొసరు వడ్డన ఆమె వాటాను పెంచుతుంది. ఈ రెండు పరిస్థితులూ ఒకే లెక్కలో బయటపడతాయి. కేలరీల గణన ఇంటికి చేయగల అసలు మేలు ఇదే.

7. కేలరీ చెప్పనిది:

కేలరీలు సరిపోయినంత మాత్రాన ఆహారం సరిపోయినట్టు కాదు. ఇందుకు తెలుగు ప్రాంతాల చరిత్రే సాక్ష్యం. ఉత్తర సర్కారుల్లో బెరిబెరికి గురైనవారి ప్రధానాహారం అన్నమే. మరలో తెల్లగా పాలిష్ అయి, కడిగిన నీటితో, వంపిన గంజితో థయమిన్ పోయిన బియ్యం శక్తిని ఇచ్చింది కానీ నరాలను కాపాడలేదు. హైదరాబాదు పరిసరాల్లో జొన్న ప్రధానాహారంగా ఉన్న పేదల్లో కనిపించిన పెల్లాగ్రాను పరిశీలించి సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్య 1960లో జొన్నలోని ల్యూసిన్ ఆధిక్యానికీ ఆ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై తరువాత చర్చ సాగినా, ఒకే ధాన్యంపై ఆధారపడే భోజనంలోని ప్రమాదాన్ని అది స్పష్టం చేసింది. 2024 మార్గదర్శకాలు ధాన్యాల ద్వారా అందే శక్తి మొత్తంలో 45 శాతాన్ని మించకూడదనడం ఈ దృష్టికి కొనసాగింపే.

అట్వాటర్ గుణకాలు సగటు విలువలు. జీర్ణశక్తి, పీచు, వండిన తీరు వంటివి నిజంగా అందే శక్తిని కొంత మారుస్తాయి. కాబట్టి సర్వపిండిని 479 అని రాసినా దాన్ని ‘480కి అటూ ఇటూ’ అని చదువుకోవాలి. ఒక్క రోజు లెక్క కన్నా వారం సగటు నమ్మదగినది. ఎదిగే పిల్లల కంచం ముందు ఈ లెక్కను పెట్టడం మేలు చేయదు. అది వంట చేసేవారి దగ్గర ఉండవలసిన లెక్క.

8. ముగింపు:

- ఇంటివంటలో కేలరీల గణన తప్పడానికి పట్టికల మధ్య భేదాల కన్నా వంటింటి కొలతలు, ముఖ్యంగా నూనె విషయంలోని ‘తగినంత’, ఎక్కువ కారణం.
- సోల, గిద్దె, పిడికిలి లెక్కకు అడ్డంకులు కావు. ఒక్కసారి తూచి రాసుకుంటే అవే ఆ ఇంటి ప్రమాణాలవుతాయి.
- ముడిసరుకును తూచడం, వండిన మొత్తాన్ని కొలవడం, తిన్న భాగాన్ని అదే గిన్నెతో కొలవడం – ఈ మూడు మెట్లు చాలు. ఇవీ సాధ్యం కానప్పుడు నూనె ప్యాకెట్ల, బియ్యం సంచుల నెలవారీ లెక్క ఉపయోగపడుతుంది.
- తలసరి సగటు ఇంట్లోని అసమానతను దాచిపెడుతుంది. శ్రమను బట్టి వాటాను చూసినప్పుడు ఎక్కువ తింటున్నవారితోపాటు తక్కువ తింటున్నవారూ కనిపిస్తారు.
- కేలరీ శక్తిని మాత్రమే చెబుతుంది. బెరిబెరి, పెల్లాగ్రాల చరిత్ర ఆ హద్దును గుర్తుచేస్తుంది.
- తెలుగులో వంటల గురించి రాసేవారు ‘నూనె సరిపడా’ అన్నచోట చెంచాల సంఖ్య రాస్తే వంటకం రుచికి లోటు రాదు. చదివి వండే ఇంటికి లెక్క దొరుకుతుంది.